రంపం మిషన్ చల్లగా ఉన్నంతసేపు బాగుండి, వేడెక్కాక కోతలో ఆగిపోతోంది

గార్లదిన్నె_చీనీతోట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె వైపు ఒక పల్లె. తోటలో ఎండిపోయిన చీనీ (బత్తాయి) చెట్లను తీసివేయడానికి, గట్ల వెంట అల్లుకుపోయిన కంపను కొట్టడానికి 58 సీసీ పెట్రోలు రంపం మిషన్ వాడుతున్నాను. చైను తిరిగే బారు 22 అంగుళాలది. ఒకే యంత్రం రకరకాల పేర్ల స్టిక్కర్లతో అమ్ముడవుతుంది కదా, అలాంటి చైనా తయారీ మిషనే ఇది.

పొద్దున చోకు వేసి తాడు లాగితే వెంటనే అందుకుంటుంది. ఐడిలింగులో చక్కగా నిలబడుతుంది, సన్న కొమ్మలను ఏ ఇబ్బందీ లేకుండా కోస్తుంది. కానీ ఎండ ముదిరి, ఇంజిన్ బాగా వేడెక్కి, లావాటి మొద్దులో బారు దించి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు, మొదట ఇంజిన్ శబ్దం సన్నబడి పైకి లేస్తుంది, ఆ తరువాత బలం చచ్చిపోయి ఆగిపోతుంది. అప్పుడు ఎంత లాగినా అందుకోదు. నీడలో పెట్టి చల్లారనిస్తే మళ్లీ ఏమీ జరగనట్టే నడుస్తుంది.

ప్లగ్గు కొత్తది వేశాను. ఎయిర్ ఫిల్టర్‌ను సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్టాను. ట్యాంకు మీద రాసి ఉన్నట్టే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలుపుతున్నాను, అది కూడా ఏ వారానికి ఆ వారం తాజాగానే. టౌనులో ఒక షాపుకు తీసుకుపోతే, కార్బురేటర్ స్క్రూలను అటూ ఇటూ తిప్పి, అది పోయిందని, కొత్తది వేయించుకోమని చెప్పారు. స్పార్కుకు కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందని ఇంకొకరు అంటున్నారు. దేనికి డబ్బు పెట్టాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. వరుసగా ఏమేమి చూసుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

తాడిపత్రి_షెడ్డు:

నమస్కారమండీ. మీరు రాసిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చే ముక్క, ఆగే ముందు శబ్దం సన్నబడి పైకి లేస్తోందన్నది. ఇంజిన్‌కు గాలి సరిపోయినంత అంది, పెట్రోలు తగ్గినప్పుడు వచ్చే శబ్దం అది. నాలుగు స్ట్రోకుల బండిలోనైతే పెట్రోలు తగ్గినా ఆయిల్ ఆయిల్‌గానే ఉంటుంది. టూ స్ట్రోకు ఇంజిన్‌లో పిస్టన్‌కు, బేరింగులకు తగిలే ఆయిల్ ఆ పెట్రోలులోనే కలిసి రావాలి. అందువల్ల పెట్రోలు తగ్గడమంటే వేడి పెరగడమూ, ఆ వేడిలోనే తడి తగ్గడమూ ఒకేసారి జరుగుతాయి. ఇలాంటి మిషన్లు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయి కాబట్టి, పిస్టన్ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. కారణం దొరికేదాకా దయచేసి దానితో కోత కోయకండి.

కార్బురేటర్ జోలికి వెళ్లక ముందే సైలెన్సర్ విప్పండి. ఎక్కువ మోడళ్లలో అది రెండు బోల్టుల పని. ప్లగ్గు కూడా తీసేసి, స్టార్టర్ తాడును మెల్లగా లాగుతూ, పొగ బయటికి వచ్చే రంధ్రంలోంచి పిస్టన్ పక్కభాగాన్ని టార్చి వెలుగులో చూడండి. నున్నగా, అక్కడక్కడ మసి మరకతో ఉంటే అదృష్టమే. పైనుంచి కిందికి నిలువు గీతలు పడి, రింగు గాడిలోకి అల్యూమినియం సాగి అతుక్కుని ఉంటే మాత్రం, ఇక కార్బురేటర్ గురించి మాట్లాడుకోవలసిన పని లేదు, పిస్టన్, బోరు కలిసిన సెట్టు మార్చాల్సిందే. ఇంజిన్ వేడెక్కాక కంప్రెషన్ పడిపోయి అందుకోకపోవడానికి అది కూడా ఒక కారణమే కనుక ముందు దాన్ని చూడమంటున్నాను. సైలెన్సర్ చేతిలో ఉన్నప్పుడే దానిలోని సన్న జాలీ మసితో మూసుకుపోయిందేమో చూసి, వైరు బ్రష్షుతో శుభ్రం చేయండి.

పిస్టన్ బాగుంటే మిషన్‌ను తిరిగి బిగించి వేడెక్కించండి. అది మళ్లీ నీరసించే క్షణంలో మూడు విషయాలు గమనించాలి. మొదటిది పెట్రోలు ట్యాంకు మూత. ఆగబోతుండగా ఆపి, మూతను వదులు చేసి మళ్లీ స్టార్టు చేసినప్పుడు బాగా నడిచిందంటే, ట్యాంకులోకి గాలి పోయే దారి మూసుకుపోయింది. పెట్రోలు పోతున్నకొద్దీ లోపల ఖాళీ పెరిగి, ఇంజిన్ ఎంత పీల్చినా ఇంధనం కదలదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత తెరిస్తే ఆవిరి బుస్సుమని రావచ్చు కనుక నీడలో, సైలెన్సర్‌కు ఎడంగా పట్టుకుని మెల్లగా తిప్పండి. రెండవది చోకు. నీరసించే సమయానికి చోకును సగం వేస్తే ఇంజిన్ తేరుకుందంటే, లోపం పెట్రోలు అందకపోవడంలోనో, ఎక్కడో దొంగగాలి (రాకూడని సందులోంచి చొరబడే గాలి) దూరడంలోనో ఉందని తేలిపోతుంది. మూడవది, ఆగిపోయిన వెంటనే, వేడి మీదే, ప్లగ్గు తీసి క్యాపుకు పెట్టి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజిన్ లోహానికి ఆనించి తాడు లాగి స్పార్కు చూడడం. చల్లారాక చూసిన స్పార్కుకు ఇక్కడ విలువ లేదు.

షాపులో స్క్రూలు తిప్పారన్నారు. ఎల్ (తక్కువ వేగానికి), హెచ్ (పూర్తి వేగానికి) అని రాసి ఉన్న ఆ రెండింటినీ బిగించేకొద్దీ పెట్రోలు తగ్గుతుంది, వదులు చేసేకొద్దీ పెరుగుతుంది. లోపం వేరేచోట ఉన్నప్పుడు హెచ్ స్క్రూను ఇంకాస్త వదిలితే రెండు రోజులు నయమైనట్టే కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ మిషన్లను చంపే వైద్యం అదే.

పులివెందుల_అరటి:

నాకూ ఇలాంటి మిషనే ఉంది, అందుకని రాస్తున్నాను. కాయిల్‌ను అంత సులభంగా పక్కన పెట్టకండి. దానిలోపలి చుట్ట వేడికి తెగి, చల్లారాక మళ్లీ అతుక్కునే రోగం చాలా మిషన్లకు వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఆగి, నీడలో పెడితే మళ్లీ అందుకోవడం దాని లక్షణమే. కాయిల్‌కు, మాగ్నెట్ చక్రానికి మధ్య ఖాళీ 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజి లేకపోతే పెళ్లిపత్రిక మందం అట్ట కాకుండా, మామూలు విజిటింగ్ కార్డు ఒకటి మధ్యలో పెట్టి, అయస్కాంతం కాయిల్‌ను లాక్కున్నాక బోల్టులు బిగించి కార్డు లాగేస్తే సరిపోతుంది. ఆఫ్ స్విచ్చుకు పోయే సన్న వైరు ఎక్కడైనా రాసుకుని ఇంజిన్ బాడీకి తగులుతోందేమో కూడా చూడండి.

ఇక కార్బురేటర్ సంగతి. ఈ మోడళ్లకు కొత్త కార్బురేటర్ చౌకగానే దొరుకుతుంది కాబట్టి, వెతుకులాట కంటే మార్చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

కర్నూలు_పనిముట్లు:

పులివెందుల వారు చెప్పిన కాయిల్ లక్షణం నిజమే, అయితే కాయిల్ పోయే మిషన్ స్విచ్చు కట్టేసినట్టు టక్కున ఆగుతుంది, ఆగే ముందు శబ్దం పైకి లేవదు. కాబట్టి కాయిల్‌ను వేడి మీద స్పార్కు పరీక్షకే వదిలేసి, పెట్రోలు దారిని వెతకడమే సబబు.

కార్బురేటర్‌ను కళ్లు మూసుకుని మార్చడాన్ని నేను ఒప్పుకోను. డబ్బు సంగతి అటుంచితే, ఇందులోని పంపు పని చేసే తీరు అలాంటిది. మోటారు సైకిల్‌లోలాగా పైనున్న ట్యాంకు నుంచి పెట్రోలు తనంతట తానే దిగదు. రంపాన్ని అడ్డంగా, తలకిందులుగా ఎలా పట్టుకున్నా నడవాలి కనుక పెట్రోలు మీద తేలే ఫ్లోటు ఉండదు, డయాఫ్రంలనే పల్చటి పొరలు రెండు ఉంటాయి. పిస్టన్ కిందికీ పైకీ ఆడేటప్పుడు క్రాంకు గదిలో పుట్టే ఒత్తిడి దెబ్బలు ఒక చిన్న రంధ్రం ద్వారా వచ్చి మొదటి డయాఫ్రంను కొట్టుకునేలా చేస్తాయి, అది పెట్రోలును ట్యాంకు నుంచి తోడుతుంది. రెండవది లోపలి సూది వాల్వును తెరిచి మూస్తూ అవసరమైనంతే వదులుతుంది. ఇప్పుడు ఆలోచించండి. ట్యాంకు పైపులో పగులుంటే పంపు పెట్రోలుకు బదులు గాలిని తోడుతుంది. కార్బురేటర్‌కు, సిలిండర్‌కు మధ్య ఉండే అట్ట ప్యాకింగు తిరగేసి పెట్టి ఆ చిన్న రంధ్రాన్ని మూసేస్తే పంపే ఆడదు. అక్కడి నల్ల దిమ్మ పగిలినా, క్రాంకు ఆయిల్ సీలు అరిగినా లోపలికి దొంగగాలి దూరుతుంది. వీటిలో ఏది ఉన్నా కొత్త కార్బురేటర్ కూడా పాతదానిలాగే నడుస్తుంది. దొంగగాలి ఉంటే యాక్సిలరేటర్ వదిలాక ఇంజిన్ వెంటనే ఐడిలింగుకు దిగకుండా కాసేపు పైనే వేలాడుతుంది, మిషన్‌ను ఒక పక్కకు వంచితే శబ్దం మారుతుంది. మీ మిషన్‌లో ఐడిలింగు నిలకడగా ఉందన్నారు కనుక నా అనుమానం మొదట పైపు మీద, ఆ తరువాత ట్యాంకు లోపలి ఫిల్టర్ మీద, దాని తరువాతే కార్బురేటర్‌లోని సన్న జాలీ మీద.

కార్బురేటర్‌ను విప్పవలసి వస్తే ఒక్కో పొర తీసేటప్పుడు ఫోటో తీసుకోండి. సూది వాల్వు వైపు ముందుగా ప్యాకింగు, దాని మీద డయాఫ్రం వస్తాయి. తారుమారైతే ఇంజిన్ అందుకోవడమే మానేస్తుంది. డయాఫ్రం వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి, ఎండిన అప్పడంలా పెళపెళలాడితే కిట్టు మార్చాలి.

పైపులూ డయాఫ్రంలూ ఈ మధ్య త్వరగా పోతున్నాయన్నది చాలామంది మెకానిక్కులు చెప్పే మాటే. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా మామూలైపోయింది. చిన్న టూ స్ట్రోకు యంత్రాల మాన్యువళ్లలో ఎక్కువ భాగం 10 శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బించి, ఆరినప్పుడు పెళుసు చేస్తుంది. తనలో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టుతో మిశ్రమాన్ని ఇంకాస్త పల్చన కూడా చేస్తుంది. గాలిలోని తేమను పీల్చుకోవడం మరొకటి. డబ్బాలో నిలవ ఉన్న పెట్రోలులోకి నీరు ఎక్కువగా చేరితే, ఇథనాల్ ఆ నీటితో జతకట్టి అడుగుకు దిగిపోతుంది, టూటీ ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకులో ఫిల్టర్ ఉండేది అడుగునే కదా, అప్పుడు ఇంజిన్ తాగేది ఆయిల్ లేని ద్రవాన్ని. వారానికొకసారి తాజాగా కలుపుకునే మీ అలవాటు మంచిదే, దాన్ని మానకండి.

చైను గురించి మీరు ఏమీ అడగలేదు, కానీ కంప కొయ్య గట్టిది, దానికి తోడు అడుగు మొదళ్లకు ఎర్రమట్టి, ఇసుక అంటుకుని ఉంటాయి. అలాంటి కొయ్యలో పన్ను త్వరగా మొండిబారుతుంది. కోసేటప్పుడు పేళ్లు రాలుతుంటే పదును ఉన్నట్టు, మెత్తటి పొట్టు రాలుతుంటే లేనట్టు. మొండి చైనును బలంగా అదుముతూ కోస్తే ఆ భారమంతా ఇంజిన్ మీద పడి వేడి ఇంకా పెరుగుతుంది. బారు మీద చైను లింకుల కొలత (పిచ్) 0.325 అంగుళాలని రాసి ఉంటే 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి తీసుకుని, పన్ను మీదున్న గీతకు సమాంతరంగా, సుమారు 30 డిగ్రీల కోణంలో, లోపలినుంచి బయటికి మాత్రమే తోయండి. ప్రతి పన్ను ముందరా ఉండే చిన్న బొడిపె పన్ను కొస కంటే 0.65 మిల్లీమీటర్ల కిందికి ఉండాలి. అది మరీ ఎత్తుగా ఉంటే ఎంత నూరినా చైను కొయ్యను కోయదు, మరీ దించేస్తే మిషన్ చేతుల్లోంచి ఎగురుతుంది.

గార్లదిన్నె_చీనీతోట:

ఇంత వివరంగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. తాడిపత్రి వారు చెప్పిన వరుసలోనే చూశాను. పిస్టన్ మీద నిలువు గీతలు లేవు, పొగ రంధ్రం వైపు కొంచెం మసకబారి ఉంది అంతే. మూత వదులు చేసినా మార్పేమీ లేదు. సగం చోకు వేయగానే మాత్రం ఇంజిన్ తేరుకుని కోత పూర్తి చేసింది. ఆగిన వెంటనే చూసినా స్పార్కు నీలంగా, గట్టిగానే వస్తోంది.

ఆ తరువాత పెట్రోలు ఒంచేసి, వంచిన తీగతో ట్యాంకులోంచి ఫిల్టర్‌ను బయటికి లాగి చూశాను, అది శుభ్రంగానే ఉంది. పైపు కూడా చూడడానికి బాగానే ఉంది. అయితే అది ట్యాంకు గోడలోంచి దూరి బయటికి వచ్చే చోట, రంధ్రంలో ఇరుక్కుని ఉన్న ఆ కొద్దిపాటి ముక్క బయటికి కనబడదు. కార్బురేటర్ వైపు పైపును ఊడదీసి, దాన్ని అక్కడినుంచి బయటికి లాగి వేలి మీద వంచినప్పుడు, గోరుతో గీసినట్టు అడ్డంగా సగం చుట్టూ పగులు నోరు తెరిచింది. వదిలేస్తే మళ్లీ మూసుకుపోతోంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండి, వేడికి రబ్బరు మెత్తబడి పంపు గట్టిగా పీల్చినప్పుడు తెరుచుకుంటోందని అనుకుంటున్నాను.

ఇప్పుడు ఎలాంటి పైపు కొనాలి? మోటారు సైకిల్ పెట్రోలు పైపు సరిపోతుందా? షాపువారు తిప్పిన స్క్రూలను మళ్లీ ఎక్కడ నిలపాలి?

తాడిపత్రి_షెడ్డు:

దొరికింది కదా, సంతోషం. సగం చోకుకు తేరుకుందన్నప్పుడే నేను పైపు వైపు మొగ్గాను.

మోటారు సైకిల్ పైపు వద్దు. ఇక్కడ పైపు ట్యాంకు రంధ్రంలో బిర్రుగా పట్టడం వల్లనే అక్కడ సీలు అవుతుంది, అంటే లోపలి కొలత ఎంత ముఖ్యమో బయటి కొలతా అంతే ముఖ్యం. పాత ముక్కను జేబులో వేసుకుని వెళ్లి, రెండు కొలతలూ కలిసేది, ఇథనాల్ పెట్రోలుకు తట్టుకునే రకమని అడిగి తీసుకోండి. గాజులా తెల్లగా కనిపించే ప్లాస్టిక్ పైపులు పెట్రోలులో నాని కొద్ది రోజుల్లోనే గట్టిపడిపోతాయి, వాటి జోలికి పోకండి. కొత్త పైపు కొసను ఏటవాలుగా కోసి, నాలుగు చుక్కల టూటీ ఆయిల్ పూసి, బయటినుంచి దూర్చి, ట్యాంకు లోపలినుంచి సన్నమూతి పట్టకారుతో లాగితే సులభంగా వస్తుంది. లోపలి ముక్క పొడవు, మిషన్‌ను ఎటు వంచినా ఫిల్టర్ ట్యాంకు మూలలకు చేరేంత ఉండాలి, మడతపడేంత ఉండకూడదు. ఎలాగూ విప్పారు కనుక ఫిల్టర్ కూడా కొత్తది వేసేయండి. స్టార్టు చేసే ముందు నొక్కే రబ్బరు బల్బు మీ మిషన్‌కు ఉంటే, దాని పైపును కూడా అదే చోట వంచి చూడండి, రెండూ ఒకే వయసువి.

స్క్రూల విషయం. ఎల్, హెచ్ రెండింటినీ సవ్యదిశలో మెత్తగా తగిలేదాకా బిగించండి. గట్టిగా బిగిస్తే సూది కొస గాడిపడి కార్బురేటర్ పనికిరాకుండా పోతుంది. అక్కడినుంచి ఒక్కో చుట్టు వదలండి, చాలా మిషన్లకు అదే మొదలు. ఎయిర్ ఫిల్టర్ తన స్థానంలో ఉండగా, చైనుకు పదును ఉండగా, ఇంజిన్‌ను వేడెక్కించాక, యాక్సిలరేటర్ నొక్కితే తడబడకుండా పైకి లేచేలా ఎల్ సరిచేయండి. ఆ తరువాత మూడవ స్క్రూతో, చైను కదలకుండా ఇంజిన్ నిలిచేచోట ఐడిలింగు పెట్టండి. చివరన హెచ్. యాక్సిలరేటర్‌ను క్షణకాలం పూర్తిగా నొక్కితే, భారం లేనప్పుడు ఇంజిన్ గరగరమని కాస్త బరువుగా వినిపించాలి. బారు కొయ్యలో దిగగానే ఆ గరగర పోయి శబ్దం తేటపడాలి, బయటికి తీయగానే మళ్లీ రావాలి. ఖాళీగా తిప్పినప్పుడే కీచుమని తేటగా వినిపిస్తోందంటే హెచ్ ఎక్కువ బిగుసుకుపోయినట్టు, ఎనిమిదోవంతు చుట్టు చొప్పున వదలండి. సందేహం వస్తే కొంచెం పొగ వచ్చే వైపే ఉంచుకోండి, ప్లగ్గు మసిబారితే కడుక్కోవచ్చు, పిస్టన్ అలా కాదు.

కాసేపు గట్టి కోత కోశాక, ఐడిలింగులో నడవనివ్వకుండా వెంటనే ఆపి ప్లగ్గు తీసి చూడండి. లోపలి పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే సరిగ్గా ఉంది. సున్నంలా తెల్లగా ఉంటే ఇంకా గాలి ఎక్కడో దూరుతోంది. అప్పుడు చూడవలసింది క్లచ్ వైపు ఆయిల్ సీలు. దానికి క్లచ్ విప్పాలి. ప్లగ్గు రంధ్రంలోకి శుభ్రమైన తాడు ముక్కను దూర్చి, పిస్టన్ పైకి వచ్చి ఆ తాడు మీద ఆగేలా చేస్తే క్రాంకు తిరగదు, స్క్రూడ్రైవర్ పెట్టి ఆపకండి. క్లచ్‌కు ఎడమ మరలు ఉంటాయి కాబట్టి మామూలు నట్టును బిగించే దిక్కుకు తిప్పితేనే అది ఊడుతుంది.